పరికరాల చిట్టా చూసి సంస్థను ఎంచుకోకండి

ప్రశ్న: భౌతికశాస్త్రం ప్రధానాంశంగా డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. కేవలం పదార్థ శాస్త్రం కోసమే ఏర్పడిన ఒక సంస్థలో పీజీ, ఆ తర్వాత అక్కడే పీహెచ్‌డీ చేసే అవకాశం వచ్చేలా ఉంది. నాన్నగారు మాత్రం, ‘ఒకే ఒక్క విషయం నేర్పే చోట చేరి, రేపు మనసు మారితే ఏం చేస్తావు? అందరికీ పేరు తెలిసిన పెద్ద విశ్వవిద్యాలయంలోనే చేరు’ అంటున్నారు. సంస్థవారు పంపిన పరిచయ పుస్తకంలో రెండు పేజీల నిండా పరికరాల పేర్లే ఉన్నాయి. వాటిలో సగం నేను వినను కూడా లేదు. లోహాలు, కొలిములు నాకు బొత్తిగా కొత్త. నాలాంటి భౌతికశాస్త్రం విద్యార్థినికి అక్కడ చోటుంటుందా? అసలు అది మంచి సంస్థో కాదో తెలుసుకోవడం ఎలా?
- పేరు వద్దన్న పాఠకురాలు

సమాధానం:

ముందు మీ నాన్నగారి సందేహం చూద్దాం. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. అయితే ‘ఒకే ఒక్క విషయం’ అన్న మాటతో నేను ఏకీభవించను. ఉక్కు, గాజు, సిమెంటు, ప్లాస్టిక్, సిలికాన్ చిప్పు, బ్యాటరీలోని ఎలక్ట్రోడు, తుంటి కీలు మార్పిడిలో అమర్చే టైటానియం కాడ, అన్నీ ఈ శాస్త్రం కిందికే వస్తాయి. పదార్థాన్ని ఎలా తయారుచేశాం, దానివల్ల లోపల ఎలాంటి అమరిక ఏర్పడింది, ఆ అమరికతో దానికి ఏ గుణాలు వచ్చాయి, ఆ గుణాలతో అది పనిలో ఎంతకాలం నిలుస్తుంది అన్న నాలుగు ప్రశ్నలను విడదీయకుండా చదవడమే పదార్థ శాస్త్రం. నాలుగింటికీ జవాబు చెప్పాలంటే భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, యంత్రశాస్త్రం మూడూ కావాలి. కాబట్టి ఇది ఇరుకు చదువు అవుతుందన్న భయం అక్కరలేదు. ఇరుకుదనం వేరే దారిలో వచ్చే ప్రమాదం ఉంది, అది తర్వాత చెబుతాను.

ఈ నాలుగు ప్రశ్నలూ ఎంతగా పెనవేసుకుని ఉంటాయో ఒక ఉదాహరణ చెప్పనివ్వండి. 1906లో బెర్లిన్ దగ్గర నోయిబాబెల్స్‌బర్గ్‌లోని ఒక పరిశోధన కేంద్రంలో ఆల్ఫ్రెడ్ విల్మ్ అనే లోహశాస్త్రవేత్త అల్యూమినియాన్ని గట్టిపరచాలని ప్రయత్నిస్తున్నారు. ఉక్కును ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది. మరి అల్యూమినియంలో సుమారు 4 శాతం రాగి, అర శాతం మెగ్నీషియం కలిపి, వేడిచేసి, అలాగే ముంచితే? ముంచిన వెంటనే కొలిచి చూస్తే ఆశించినంత గట్టిదనం రాలేదు. వారాంతం గడిచాక కొలిస్తే అదే మిశ్రలోహం ఎంతో గట్టిపడి ఉంది. మధ్యలో దానికి ఎవరూ ఏమీ చేయలేదు. గది ఉష్ణోగ్రతలో ఊరికే పడి ఉంది, అంతే. డ్యురాల్యుమిన్ పేరుతో ఆ మిశ్రలోహం జెప్లిన్ ఆకాశనౌకల చట్రాల్లోకి, ఆ వెనుక విమానాల్లోకి వెళ్లింది.

ఎందుకు గట్టిపడిందో మాత్రం విల్మ్‌కు తెలియలేదు. వేడిలో అల్యూమినియంలో కరిగిపోయిన రాగి, చల్లబడ్డాక మెల్లగా వేరుపడి అతి సూక్ష్మమైన కణాలుగా పోగవుతోందని 1919లో అమెరికాలో పాల్ మెరికా బృందం ప్రతిపాదించింది. కాని ఆ కణాలు అప్పటి మైక్రోస్కోపుల్లో కనిపించేంత పెద్దవి కావు. చివరికి 1938లో ఫ్రాన్సులో ఆండ్రే గినియే, బ్రిటన్‌లో జార్జ్ ప్రెస్టన్, ఎవరికి వారుగా ఎక్స్‌రేల సాయంతో వాటి జాడ పట్టుకున్నారు. ఒకటి రెండు పరమాణువుల మందం మాత్రమే ఉన్న రాగి పలకలు అవి. లోహం వంగడమంటే దాని స్ఫటికాల్లో పరమాణువుల వరుసలు ఒకదానిపై ఒకటి జారడం. డిస్‌లొకేషన్ అనే లోపం స్ఫటికం గుండా కదులుతూ పోతే ఆ జారుడు సులువుగా సాగుతుంది. దారిలో ఈ పలకలు అడ్డం పడితే కదలిక కష్టమవుతుంది, లోహం గట్టిపడుతుంది. అలాగని ఎక్కువ వేడిలో ఎక్కువసేపు ఉంచితే కణాలు పెరిగి, సంఖ్య తగ్గి, మధ్యలో ఖాళీలు ఏర్పడి లోహం మళ్లీ మెత్తబడుతుంది. ఇంకో విశేషం కూడా ఉంది. రైట్ సోదరుల 1903 విమానంలోని ఇంజను క్రాంక్‌కేసును తర్వాతి కాలంలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో పరీక్షించారు. అందులోనూ ఇలాంటి రాగి పోగులే ఉన్నాయని 1994లో ప్రచురించారు. అంటే విల్మ్ కంటే ముందే, ఎవరికీ తెలియకుండానే, ఈ గట్టిదనం గాలిలోకి ఎగిరింది!

గమనించారా? కరిగించి పోసేవారు, వేడిచేసి ముంచేవారు, గట్టిదనం కొలిచేవారు, ఎక్స్‌రేలతో లోపల చూసేవారు, లెక్క కట్టి కారణం చెప్పేవారు, ఇంతమంది కలిస్తేనే ఆ కథ పూర్తయింది. వాళ్లు వేర్వేరు దేశాల్లో, వేర్వేరు ప్రయోగశాలల్లో ఉన్నందువల్ల 32 ఏళ్లు పట్టింది. వాళ్లందరినీ ఒక కప్పు కింద చేర్చడం కోసమే ప్రత్యేక సంస్థలు పుట్టాయి. జపాన్‌లో తోహోకు విశ్వవిద్యాలయంలోని పదార్థ పరిశోధన సంస్థ మూలాలు 1916లో కొతారో హోండా మొదలుపెట్టిన పనిలో ఉన్నాయి. 1917లోనే అక్కడి నుంచి కేఎస్ ఉక్కు వచ్చింది, అప్పటికి ప్రపంచంలోనే అన్నిటికంటే శక్తిమంతమైన శాశ్వత అయస్కాంతం అది. జర్మనీలో ఇనుము పరిశోధన కోసం అదే 1917లో స్థాపించిన సంస్థ నేడు డుసెల్‌డార్ఫ్‌లో సుస్థిర పదార్థాల మాక్స్ ప్లాంక్ సంస్థగా కొనసాగుతోంది. చైనాలోని షెన్‌యాంగ్ లోహ పరిశోధన సంస్థ 1953 నాటిది. జపాన్‌లో లోహాల సంస్థను, అకర్బన పదార్థాల సంస్థను 2001లో కలిపేసి త్సుకుబాలో ఒకే జాతీయ సంస్థగా చేశారు. లోహం వేరు, సిరామిక్ వేరు అన్న పాత గోడ ఎలా కూలిపోయిందో ఆ ఒక్క విలీనమే చెబుతుంది.

ఇక్కడే మీరు తప్పకుండా అడగవలసిన విషయం ఒకటి ఉంది. పట్టా ఎవరి పేరిట వస్తుంది? చాలా పరిశోధన సంస్థలు స్వయంగా డిగ్రీ ఇవ్వవు. మాక్స్ ప్లాంక్ సంస్థల్లో పరిశోధన చేసినవారికి పీహెచ్‌డీ ఇచ్చేది ఏదో ఒక విశ్వవిద్యాలయం. త్సుకుబా సంస్థలోనూ విద్యార్థులు భాగస్వామ్య విశ్వవిద్యాలయాల ద్వారానే చేరతారు. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. కాని ఏ విశ్వవిద్యాలయం నియమాలు వర్తిస్తాయో, పరీక్షలు ఎక్కడ రాయాలో, మార్గదర్శకులు మధ్యలో సంస్థ వదిలి వెళ్తే మీ బాధ్యత ఎవరిదో ముందే కాగితం మీద చూసుకోండి. మీ నాన్నగారి దిగులు సగం ఆ కాగితంతోనే తీరవచ్చు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీరు పరికరాల చిట్టా చూసి బెదిరారు, మరికొందరు అదే చిట్టా చూసి మురిసిపోతారు. రెండూ వద్దు. డబ్బుంటే పరికరాలు ఎవరైనా కొంటారు. ఆ పరికరం ముందు ఎవరు కూర్చుంటారన్నది నా ప్రశ్న. కొన్ని చోట్ల విద్యార్థి తన నమూనాను చీటీ రాసి ఇస్తాడు, ఆపరేటర్ చూస్తాడు, నాలుగు చిత్రాలు మెయిలులో వస్తాయి, అవి సిద్ధాంత గ్రంథంలో అతుక్కుంటాయి. అలా అయిదేళ్లు గడిపి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపును తన చేతితో ఒక్కసారైనా ఫోకస్ చేయకుండానే డాక్టరేటు పుచ్చుకునేవారు ఉన్నారు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. ఆ విద్యార్థుల తప్పు ఇందులో ఏమీ లేదు, వాళ్లకు ఎవరూ కుర్చీ ఇవ్వలేదు.

1982 ఏప్రిల్ 8న డాన్ షెక్ట్‌మన్ అమెరికా జాతీయ ప్రమాణాల బ్యూరోలో అతివేగంగా చల్లార్చిన అల్యూమినియం-మాంగనీసు మిశ్రలోహాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తున్నారు. వివర్తన చిత్రంలో, అంటే నమూనా గుండా పోయి చెదిరిన ఎలక్ట్రాన్లు వేసే ముద్రలో, చుక్కలు కేంద్రం చుట్టూ పదింటి లెక్కన వలయాలు కట్టాయి. స్ఫటికంలో అలాంటి సౌష్ఠవం ఉండదని మీరు కూడా చదువుకునే ఉంటారు. ఆయన తన నోటుపుస్తకంలో ‘పది మడతల సౌష్ఠవం’ అన్న అర్థంలో రాసి పక్కన మూడు ప్రశ్నార్థకాలు పెట్టారు. ఆ తర్వాత ఇదేదో ఒకదానికొకటి అతుక్కుని పెరిగిన జంట స్ఫటికాల మాయేమోనని తానే శోధించి, కాదని తేల్చుకున్నారు. 1984లో ఆ ఫలితం అచ్చయింది, ఎన్నో ఏళ్లు పెద్దపెద్దవాళ్లు ఒప్పుకోలేదు, 2011లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. మైక్రోస్కోపు దగ్గర ఆయనే కూర్చుని ఉండకపోతే? వింతగా ఉన్న చిత్రాన్ని పాడైన నమూనాగా లెక్కేసి పక్కన పడేసే అవకాశమే ఎక్కువ. నమూనాను ఏ దిశకు వంచాలో, ఎక్కడ ఆగి మళ్లీ చూడాలో ప్రశ్న మనసులో ఉన్నవారి చేతికే తెలుస్తుంది.

అందుకే సంస్థ చూడటానికి వెళ్లినప్పుడు, పెద్ద మైక్రోస్కోపు ఉన్న ఏసీ గది కంటే ముందు నమూనాలు తయారుచేసే గది చూపించమని అడగండి. సందర్శకులను మామూలుగా అక్కడికి తీసుకెళ్లరు. అక్కడ జరిగే పనేమిటో తెలిస్తే నేనెందుకు పట్టుబడుతున్నానో మీకే అర్థమవుతుంది.

ఒక ఉక్కు ముక్క ఉందనుకోండి. ముందు దాన్ని కోయాలి. కోస్తున్నంతసేపూ నీళ్లు పోయాలి, లేకపోతే రాపిడి వేడికే లోపలి అమరిక మారుతుంది. ఆ తర్వాత మైక్రోస్కోపులో కనిపించేది రంపం చేసిన నిర్వాకమే. ముక్క చిన్నదైతే బేకలైట్ అనే గట్టి ప్లాస్టిక్‌లో పొదిగి బిళ్లగా చేస్తారు. ఇక సిలికాన్ కార్బైడ్ కాగితాలు: 220 నంబరుతో మొదలుపెట్టి 400, 600, 800, 1200 వరకు వరసగా అరగదీయాలి. కాగితం మార్చినప్పుడల్లా ముక్కను 90 డిగ్రీలు తిప్పాలి. కొత్త గీతలు పాతవాటికి అడ్డంగా పడతాయి కనుక, పాత గీతలు పూర్తిగా పోయాయో లేదో కంటికే తెలిసిపోతుంది. ప్రతి దశ తర్వాతా ముక్కను, చేతులను కడుక్కోవాలి. ముతక కాగితం నుంచి ఒక్క రేణువు వెంటవచ్చినా నున్నని ముఖం మీద పొడవాటి గీత పడి, రెండు దశలు వెనక్కి వెళ్లాల్సి వస్తుంది. ఆఖరున తిరిగే బట్ట మీద వజ్రపు పేస్టుతో మెరుగు పెడితే ముఖం కనిపించేంత నునుపు వస్తుంది.

అంత కష్టపడి మైక్రోస్కోపు కింద పెడితే దాదాపు ఏమీ కనిపించదు! అక్కడక్కడా మలినాల చుక్కలు తప్ప అంతా తెల్లగా ఉంటుంది. ఇప్పుడు దాన్ని నైటాల్‌లో, అంటే ఆల్కహాలులో 2 శాతం నత్రికామ్లం కలిపిన ద్రావణంలో, కొన్ని సెకన్లు ముంచాలి. మెరుపు పోయి ఉపరితలం మసకబారగానే తీసి, కడిగి, ఆరబెట్టాలి. ఇంకొంచెం ఆలస్యమైతే నల్లబడిపోతుంది, మళ్లీ మెరుగు పెట్టడమే. స్ఫటిక రేణువుల సరిహద్దుల్లో పరమాణువుల క్రమం చెదిరి ఉంటుంది కాబట్టి ఆమ్లం అక్కడ త్వరగా కొరుకుతుంది. ఆ పల్లాల మీద పడిన వెలుగు తిన్నగా కటకంలోకి తిరిగి రాదు, అందుకే సరిహద్దులు నల్లని గీతలై కనబడతాయి. సుమారు 0.77 శాతం కార్బన్ ఉన్న ఉక్కును నెమ్మదిగా చల్లార్చి ఉంటే, ఇనుము ఒక పొర, ఇనుప కార్బైడు ఒక పొరగా పేర్చుకున్న పెర్లైటు కనిపిస్తుంది. అదే ఉక్కును కాల్చి నీళ్లలో ముంచి ఉంటే పదునైన సూదులు చిక్కుపడినట్టున్న మార్టెన్‌సైటు కనిపిస్తుంది. రసాయన విశ్లేషణకు రెండూ ఒక్కటే. మొదటిది వంగుతుంది, రెండోది సుత్తిదెబ్బకు పగులుతుంది. ఈ తేడాను తన చేత్తో తయారుచేసి తన కంటితో చూసిన విద్యార్థికి, పుస్తకంలోని దశా చిత్రం (ఏ మిశ్రమం ఏ ఉష్ణోగ్రతలో ఏ రూపంలో ఉంటుందో చూపే పటం) ఆ తర్వాత జీవితాంతం గుర్తుంటుంది.

ఆ గదిలో సింకు పక్కన వాడేసిన కాగితాలు, మెరుగు పెట్టే చక్రాల మీద తడి, వంతు కోసం నిలబడ్డ మొదటి సంవత్సరం విద్యార్థులు కనిపిస్తే అది పనిచేసే సంస్థ. గది తాళం వేసి ఉంటే, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియకపోతే, చిట్టాలో ఎన్ని కోట్ల పరికరాలున్నా నేను మిమ్మల్ని అక్కడ చేరమనను.

ఆచార్యులతో మాట్లాడటం ఎలాగూ ఉంటుంది. దానికంటే ఎక్కువసేపు రెండో, మూడో సంవత్సరం పరిశోధక విద్యార్థులతో గడపండి. మైక్రోస్కోపు మీద ఒంటరిగా పనిచేయడానికి మీకు ఎప్పుడు అనుమతి వచ్చింది? సమయం కావాలంటే ఎన్ని వారాలు ఆగాలి? యంత్రం పాడైతే బాగుచేసేవారు లోపలే ఉన్నారా? పరికరం పక్కన ఉండే నమోదు పుస్తకం ఒక్కసారి తిరగేయనిస్తే ఇంకా మంచిది. అందులో రకరకాల చేతిరాతలు ఉన్నాయా, ఒక్కరి చేతిరాతే ఉందా అన్నది చూస్తే చాలు. గ్రంథాలయంలో ఈమధ్య ఆమోదం పొందిన సిద్ధాంత గ్రంథాలు రెండు మూడు తీసి, ఫలితాల జోలికి పోకుండా ప్రయోగ పద్ధతుల అధ్యాయం చదవండి. కొలిమిలో ఉష్ణోగ్రతను ఎలా సరిచూశారో, ఎన్ని నమూనాలు పరీక్షించారో వివరంగా రాసి ఉంటే అక్కడ శిక్షణ గట్టిగా ఉన్నట్టు.

భౌతికశాస్త్రం నుంచి వచ్చేవారికి చోటుంటుందా అని అడిగారు. స్ఫటిక నిర్మాణం, వివర్తనం, బ్యాండ్ సిద్ధాంతం, సాంఖ్యక యాంత్రిక శాస్త్రం మీకు ఇప్పటికే పరిచయం. ఇంజనీరింగ్ నుంచి వచ్చినవారు ఇబ్బంది పడేది సాధారణంగా అక్కడే. మీకు లోటుండేది మరోచోట. ఉష్ణగతిశాస్త్రంలో మీరు ఆదర్శ వాయువులతో ఆగి ఉంటారు. ఇక్కడ ఘన ద్రావణాల స్వేచ్ఛాశక్తి, దశా చిత్రాలు, ఘనపదార్థాల్లో వ్యాపనం రోజూ వాడుకలో ఉంటాయి. పదార్థాలు వంగడం, పగలడం, పదేపదే పడే ఒత్తిడికి అలసిపోవడం గురించి భౌతికశాస్త్రం డిగ్రీలో చెప్పేది చాలా తక్కువ. చేరేలోపు ఇనుము-కార్బన్ దశా చిత్రం ఒక్కటి కూలంకషంగా చదవండి. 727 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఏం జరుగుతుందో, ఏ దశ ఎంత శాతం ఉంటుందో లెక్క కట్టడం వస్తే మిగిలినవి వాటంతట అవే తేలికవుతాయి.

ఇరుకుదనం గురించి తర్వాత చెబుతానన్నాను. ప్రమాదం సంస్థ పేరులో ఉండదు, అందులో మీరు చేరే ప్రయోగశాలలో ఉంటుంది. ఒకే పరమాణువు మందం ఉన్న కార్బన్ పొర గ్రాఫీన్ 2004లో, పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక నిర్మాణం గల పదార్థాలతో చేసే సౌరఘటాలు 2009లో వెలుగులోకి వచ్చినప్పటి నుంచి ఎన్నో ప్రయోగశాలలు ఒకే పదార్థం చుట్టూ తిరుగుతున్నాయి. ఆ పదార్థాలు గొప్పవే. కాని మీరు పదార్థాన్ని చూసి చేరకండి, అక్కడ నేర్పే పద్ధతిని చూసి చేరండి. వివర్తనం, మైక్రోస్కోపీ, ఉష్ణ విశ్లేషణ బాగా వచ్చినవారు బ్యాటరీ నుంచి టర్బైన్ రెక్కకు అయినా మారగలరు. ఒక పూత పూయడం మాత్రమే వచ్చినవారికి ఆ పూత పాతబడగానే దిక్కు తోచదు. మొదటి ఏడాది పాఠాల్లో లోహాలు, సిరామిక్స్, పాలిమర్లు, అర్ధవాహకాలు నాలుగూ అందరికీ తప్పనిసరిగా ఉన్నాయో లేదో చూడండి. ఉంటే మనసు మార్చుకునే దారి తెరిచే ఉంటుంది.

పెద్ద విశ్వవిద్యాలయమే మేలని నేను చెప్పే సందర్భమూ ఉంది. మీకు ప్రయోగాల కంటే కంప్యూటర్ గణనల మీదే మక్కువ ఉంటే, గణితం, కంప్యూటర్ శాస్త్రం శాఖలు పక్కనే ఉండటం చాలా కలిసొస్తుంది. లేదా మీకింకా ఈ శాస్త్రమేనన్న నిశ్చయం కుదరకపోతే, పీజీ అక్కడ చేసి పీహెచ్‌డీకి ప్రత్యేక సంస్థకు రండి. మీ ఉత్తరంలో అలాంటి ఊగిసలాట నాకు కనిపించలేదు. తెలియని పరికరాల పేర్లు చూసి కలిగిన బెరుకు మాత్రం కనిపించింది, అది మొదటి ఆరు నెలల్లో పోతుంది.

ఉద్యోగాల గురించి మీరు అడగలేదు కాని, మీ నాన్నగారు అడుగుతారు. చిప్పుల తయారీ, బ్యాటరీలు, విమాన ఇంజన్లు, వైద్య పరికరాలు, విరిగిన భాగాలు ఎందుకు విరిగాయో తేల్చే పరీక్షాశాలలు, అన్నిచోట్లా ఈ చదువుకు పని ఉంది. అక్కడ ముఖాముఖిలో అడిగేది కూడా మీరు స్వయంగా ఏ పరికరం మీద పనిచేశారనే.

చేరతానని మాట ఇచ్చే ముందు ఒక పని చేయండి. మీకు నచ్చిన ప్రయోగశాల అధిపతికి ఉత్తరం రాసి, వేసవిలో ఆరు వారాలో ఎనిమిది వారాలో అక్కడ పనిచేయనివ్వమని అడగండి. డిగ్రీ విద్యార్థులను అలా తీసుకునే సంస్థలు చాలా ఉన్నాయి. పెద్ద సమస్య ఏదీ కోరవద్దు. ఒకే మిశ్రలోహాన్ని రెండు మూడు రకాలుగా వేడిచేసి, చల్లార్చి, నమూనాలు మీరే తయారుచేసి, కాఠిన్యం కొలిచి, మైక్రోస్కోపులో చూసి పోల్చే పని చాలు. ఆ ఉత్తరానికి వచ్చే జవాబు, ఆ వారాల్లో మీకు కాగితాలు, చక్రం, కుర్చీ ఎంత సులువుగా దొరికాయన్నది, రెండూ మీ నాన్నగారికి కూడా చెప్పండి. ఆ తర్వాత ఇద్దరూ కూర్చుని నిర్ణయం తీసుకోండి.